రాజు ఎముకలు, మా జేజి ఎముకలు

కడప నుంచి కమలాపురం పోయే దారిలో వల్లూరు తగులుతుంది. బస్సులో పోయేవాళ్ళకు అది ఒక మండల కేంద్రం, అంతే. కానీ ఏడువందల ఏళ్ళ కిందట అది రాజధాని. శాసనాల్లో దాని పేరు వల్లూరిపట్టణం. కాకతి గణపతిదేవుడు గంగయ సాహిణి అనే కాయస్థ నాయకుణ్ణి ఈ సీమకు పాలకుడిగా పెట్టాడు. ఆయన తర్వాత జన్నిగదేవుడు, త్రిపురారి, ఆ పైన అంబదేవుడు వచ్చారు. అంబదేవుడు రాణి రుద్రమదేవి మీద తిరగబడి స్వతంత్రుడయ్యాడు. తన విజయాలన్నీ 1290లో త్రిపురాంతకం శాసనంలో చెక్కించుకున్నాడు. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబరు నాటి శాసనం ఇంకొకటి ఉంది. రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకానికి పోయారనీ, వాళ్ళ పుణ్యం కోసం ఒక బంటు దేవుడికి భూమి ఇచ్చాడనీ అందులో ఉంది. అంబదేవుడితో జరిగిన యుద్ధంలోనే ఆమె ప్రాణం విడిచిందని చాలామంది చరిత్రకారులు అనుకుంటారు.

ఐదో తరగతి పిల్లలకు ఈ సంగతి చెబుతున్నప్పుడు ఒక పిల్లోడు లేచి, "సార్, మరి రుద్రమ్మను యాడ బూడ్సిరి?" అని అడిగాడు. ఆమె సమాధి ఇదీ అని చూపించడానికి ఏదీ లేదు నాయనా, రాతి మీద రాత ఒక్కటే ఉంది అన్నాం. "మన అంబదేవున్ని?" అన్నాడు. ఆయనదీ లేదన్నాం. అప్పుడు వెనక వరసలోంచి ఒక పాప, మా కాలనీ పిల్లే, ఎవరూ అడక్కుండానే చెప్పింది. "మా జేజిది గూడా లేదు సార్. జేసీబీ వచ్చిపోయినాక కనపడలా."

క్లాసంతా నవ్వింది. మేము నవ్వలేకపోయాం. టీటీసీ చదివే రోజుల్లో మాకు పాఠ్యపథకం రాయడం నేర్పారు. పిల్లలు ఏమేం అడుగుతారో ముందే ఊహించి రాసుకోమన్నారు. ఈ మాట మాత్రం మా ఏ పథకంలోనూ లేదు. ఆ పాపకు అప్పుడు ఇవ్వలేకపోయిన జవాబును ఇక్కడ వెతుక్కుంటున్నాం.

మేము యానాదులం. ఏటి ఒడ్డున చేపలు పట్టి, పరుల తోటలకు కాపలా కాసి బతికినవాళ్ళం. చనిపోయినవాళ్ళను మావాళ్ళు పూడుస్తారు. కాలనీ వెనక వంక గట్టు మీద మా బొందలగడ్డ ఉంది. సిమెంటు సమాధులు కట్టే స్తోమత మాకు లేదు. తల దగ్గర ఒక రాయి పెడతాం. చుట్టూ కంపచెట్లు, తంగేడు. కొన్నేళ్ళ కిందట ఒక ఎండాకాలం, దారి పనికి మట్టి కావాలని జేసీబీ ఆ గట్టు మీదికి వచ్చింది. మావాళ్ళు కూలికి పోయున్నారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి గట్టు సగం లేదు. తవ్విన మట్టిగోడలోంచి ఎముకలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. మట్టితోపాటు టిప్పర్లలో ఎన్ని పోయాయో ఎవరు లెక్కపెట్టారు! ఇదేమిటని అడిగితే, "ఇది బొందలగడ్డ అని కాగితం ఉందా?" అన్నారు. లేదు. రికార్డుల్లో అది వంక పోరంబోకు.

ఆ రాత్రి సెల్‌ఫోన్ల వెలుతురులో మిగిలినవి ఏరాం. గోనెసంచులు పరిచి వాటి మీద పెట్టాం. ఏ ఎముక ఎవరిదో తెలియలేదు. ఒకచోట కంచు కడియం దొరికింది. అది మా అమ్మదని ఇద్దరు ముగ్గురు అన్నారు. మాటా మాటా పెరిగేలా ఉంటే మా పెద్దాయన ఒకరు అడ్డమొచ్చి, "పంచుకునేదానికి ఇవేమన్నా పట్టిన చేపలా? అందురూ మనోళ్ళే. ఒకే గుంత తవ్వండి" అన్నాడు. గట్టు మీద మిగిలిన చోట ఒకే గుంత తవ్వి, కడియంతో సహా అన్నీ కలిపి పూడ్చి, టెంకాయ కొట్టి ఇళ్ళకు పోయాం.

చచ్చినవాళ్ళ ఎముకలు ఎవరివి? తవ్వే హక్కు ఎవరికుంది? తవ్విన తర్వాత మర్యాదగా మళ్ళీ పూడిస్తే చేసిన తప్పు తీరుతుందా? మాకు ఈ ప్రశ్నలు ఆ గుంత దగ్గర పుట్టాయి. లోకంలో మాత్రం ఇవి ఎక్కువగా రాజుల ఎముకల దగ్గర చర్చకొచ్చాయి. కాబట్టి ముందు రాజుల సంగతే చూద్దాం.

ఇంగ్లండు రాజు మూడో రిచర్డు 1485 ఆగస్టులో బాస్‌వర్త్ యుద్ధంలో చనిపోయాడు. ఆయన శవాన్ని లెస్టర్ పట్టణంలోని ఒక మఠంలో పూడ్చారు. కాలక్రమాన మఠం పోయింది, ఆ చోటు మీద ఊరు పెరిగింది. 2012లో అక్కడి విశ్వవిద్యాలయం వాళ్ళు కార్లు నిలిపే ఒక స్థలం కింద తవ్వితే, వెన్నెముక వంకరగా ఉండి, పుర్రె మీద ఆయుధాల గాయాలున్న అస్థిపంజరం దొరికింది. రాజు అక్క సంతతిలో, తల్లుల వరసన వచ్చిన ఒక వడ్రంగి లండన్లో ఉన్నాడు. ఆయన డీఎన్ఏతో పోల్చి, ఇది రిచర్డేనని 2013 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఆ తర్వాత తగువు మొదలైంది. మా నేలలో దొరికాడు కాబట్టి మావాడని లెస్టర్ వాళ్ళు, ఆయనది యార్క్ వంశం కాబట్టి యార్క్‌లోనే పూడ్చాలని మరికొందరు. కేసు హైకోర్టుకు ఎక్కింది. 2014లో లెస్టర్‌కు అనుకూలంగా తీర్పు వచ్చింది. 2015 మార్చి 26న అక్కడి పెద్ద చర్చిలో రాజును మళ్ళీ పూడ్చారు. ఊరేగింపు చూడ్డానికి జనం దారుల వెంబడి బారులు తీరారు.

ఇందులో మా మనసుకు తాకింది ఒక్క విషయం. శవపేటిక చేసింది ఆ వడ్రంగే. ఐదువందల ఏళ్ళ నాటి తన మనిషికి తన చేత్తో చెక్క చిత్రిక పట్టాడు. అది చుట్టరికం చేసే పని. మిగిలిన హడావుడిలో రాజు ఎముకలు ఊరికి దొరికిన ఆస్తిలాగా కనిపిస్తాయి. ఆస్తి కాబట్టే కోర్టు దాకా పోయాయి. ఆ తవ్వకాల్లో రాజు కాని మరికొందరి అస్థిపంజరాలూ బయటపడ్డాయి. వాళ్ళ కోసం ఏ రెండు ఊళ్ళూ కొట్లాడలేదు.

ఫ్రాన్సులో ఇంకొక కథ. పారిస్ పక్కన సాన్ దెనీ అనే పెద్ద చర్చి ఉంది. మధ్యయుగాల నుంచి ఫ్రాన్సు రాజులనూ రాణులనూ అక్కడే పూడ్చేవారు. విప్లవం వచ్చాక, 1793లో, ఆ సమాధులు తవ్వి శవాలను బయటికి లాగారు. పెద్ద గుంతల్లో పడేసి సున్నం చల్లారు. రాజరికం తిరిగొచ్చిన తర్వాత, 1817లో, పద్దెనిమిదో లూయీ వాటిని మళ్ళీ పైకి తీయించాడు. అప్పటికి ఏ ఎముక ఏ రాజుదో చెప్పడం ఎవరి వల్లా కాలేదు. అన్నీ కలిపి చర్చి నేలమాళిగలో ఒకేచోట పెట్టి, నల్ల చలవరాళ్ళ మీద పేర్లు మాత్రం వరసగా చెక్కించారు.

ఇది మొదటిసారి చదివినప్పుడు మాకు మా గోనెసంచులు గుర్తొచ్చాయి. కిరీటాలు పెట్టుకున్న తలలూ, చేపలబుట్ట మోసిన తలలూ చివరికి ఒకే గతికి వచ్చాయి. కాటికాడ అందరూ సమానమే అని మన పెద్దలు ఊరికే అనలేదు. అయినా ఆ సామెత దగ్గరే ఆగిపోతే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. అక్కడ పేర్లున్నాయి, రాయి ఉంది, తిరిగి పూడ్చమని ఆజ్ఞ ఇచ్చిన చెయ్యి ఉంది. ఇక్కడ కాగితం ఉందా అన్న మాట ఒకటే ఉంది. ఎముకల మధ్య తేడా లేదు. వాటి కోసం అడిగేవాళ్ళ బలంలోనే ఉంది తేడా అంతా.

దూరదేశాల సంగతి చాలు, మన దగ్గరికి వద్దాం. జమ్మలమడుగు పక్కన గండికోట చూడనివాళ్ళు మన జిల్లాలో తక్కువ. పదిహేడో శతాబ్దం నడిమిలో దాన్ని పట్టుకున్నది గోల్కొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా. ఆ గోల్కొండను 1687లో ఔరంగజేబు జయించాడు. చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషాను దౌలతాబాదు కోటలో ఖైదు చేశాడు. భద్రాచలం రామదాసు కథలో మనం వినే తానీషా ఆయనే. పన్నెండేళ్ళు ఖైదులోనే ఉండి 1699లో అక్కడే చనిపోయాడు. గోల్కొండలో తన పెద్దల సమాధుల మధ్య ఆయనకు చోటు దొరకలేదు. దౌలతాబాదు దగ్గరి ఖుల్దాబాదులో పూడ్చారు. 1707లో ఔరంగజేబు చనిపోతే ఆయన్నూ ఆ ఊళ్ళోనే, ఆడంబరం లేని మట్టి సమాధిలో పూడ్చారు. ఓడినవాడూ ఓడించినవాడూ ఇప్పుడు ఒకే ఊరి మట్టిలో ఉన్నారు.

2025 మార్చిలో ఆ ఔరంగజేబు సమాధిని తవ్వి పారెయ్యాలని కొందరు పట్టుబట్టారు. ఖుల్దాబాదుకు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న నాగపూర్‌లో అల్లర్లు లేచి, కర్ఫ్యూ పెట్టాల్సి వచ్చింది. మూడువందల ఏళ్ళ కిందట చనిపోయిన మనిషి కోసం బతికున్నవాళ్ళ బండ్లు తగలబడ్డాయి.

ఇక్కడ మన పిల్లలు ఒక ప్రశ్న అడగొచ్చు. ఆ రాజు అన్యాయం చేసి ఉంటే, ఆయన సమాధి తవ్వడం న్యాయం కాదా? ఈ ప్రశ్నను కొట్టిపారెయ్యకూడదు. అన్యాయం పడినవాళ్ళ కోపం నిజమైనదే. కానీ ఎముకకు నొప్పి తెలియదు. తవ్వినందువల్ల చచ్చిన రాజుకు శిక్ష పడదు, ఆయన చేతుల్లో చచ్చినవాళ్ళు లేచి రారు. గుంత దగ్గర ఆ రోజు దెబ్బ తగిలేది బతికున్న ఇరుగుపొరుగుకే. దాన్ని న్యాయమని ఎట్లా అంటాం?

ఈ విషయంలో ఆదివాసులకు చెప్పుకోదగ్గ సొంత అనుభవం ఉంది. కాకతి ప్రతాపరుద్రుడి సేనతో సమ్మక్క, ఆమె భర్త పగిడిద్దరాజు, పిల్లలు సారలమ్మ, నాగులమ్మ, జంపన్న పోరాడారని మేడారం కథ చెబుతుంది. కప్పం కట్టలేమన్నందుకు వచ్చిన యుద్ధమది. జంపన్న రక్తం కలిసిన సంపెంగవాగు జంపన్నవాగైంది. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట ఎక్కి కనుమరుగైంది. వెతుకుతూ పోయినవాళ్ళకు పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది కానీ శవం దొరకలేదు. ఇక ప్రతాపరుద్రుడి సంగతి. 1323లో ఓరుగల్లు పడిపోయాక ఢిల్లీ సేనలు ఆయన్ను బందీగా తీసుకుపోతుంటే, నర్మద ఒడ్డున చనిపోయాడని విలస శాసనం చెబుతుంది. ఆయనకూ సమాధి లేదు. ఉందనుకుందాం. రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి మేడారం చేరే లక్షల మందిలో ఒక్కరైనా ఆ రాజు ఎముకలు తవ్వుదాం పదండి అంటారా? మాకు తెలిసినంతలో ఆ జాతరలో అటువంటి మాట ఎన్నడూ వినబడలేదు. పగను మరిచిపోయారని కాదు. పోయినవాళ్ళను పిలుచుకోవడంలోనే వాళ్ళ బలమంతా ఉంది. గుట్ట మీద నుంచి కుంకుమ భరిణెను దించుకొస్తారు, గద్దె మీద నిలుపుతారు, మళ్ళీ వనానికి సాగనంపుతారు. ఒక్క ఎముక లేకుండా ఒక జాతి తన వీరురాలిని ఏడువందల ఏళ్ళు కాపాడుకుంది.

అయితే తవ్వడమే తప్పు అనేద్దామా? ఉపాధ్యాయులుగా మేము అట్లా అనలేం. మన జిల్లాలోని శంఖవరంలో, పొట్టేలు రూపంలో కాళ్ళూ తలా పెట్టి చేసిన మట్టి శవపేటిక ఒకటి దొరికింది. రెండు వేల ఏళ్ళకు పైబడినది. ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది. వల్లూరుకు రాజధాని అనే పేరు రాకముందే, అంబదేవుడి శాసనాలకు వెయ్యేళ్ళు ముందే, ఈ నేల మీద బతికిన మనుషులు తమ మనిషిని సాగనంపడానికి ఇంత ప్రేమగా మట్టి పిసికి, కాల్చి, పొట్టేలును చేశారు. వాళ్ళు రాజులో కాదో మనకు అక్కర్లేదు. ఆ పేటిక తవ్వకపోతే ఈ సంగతి మనకు తెలిసేదే కాదు. చరిత్ర పుస్తకాల్లో చోటు దొరకని మనబోటివాళ్ళకు తవ్వకాలు చుట్టాల్లాంటివి. పుస్తకం రాయనిది మట్టి చెబుతుంది. మన చుట్టుపక్కల గుట్టల మీద రాక్షసగుళ్ళు అని పిలిచే పాతకాలపు రాతి సమాధులున్నాయి. వాటిని కట్టినవాళ్ళు రాక్షసులు కారు, మనుషులే అని చెప్పగలుగుతున్నామంటే తవ్వి చూసినవాళ్ళ పుణ్యమే.

తవ్వకాల్లో ఇంకో రకం ఉంది. రాయలసీమలో పుట్టిన ఎవరికైనా గుప్తనిధుల వేట గురించి చెప్పక్కర్లేదు. 2019 జూలైలో ఆనెగొంది దగ్గర నవబృందావనంలో, శ్రీకృష్ణదేవరాయల కాలపు గురువు వ్యాసరాయల బృందావనాన్ని నిధి కోసం రాత్రికి రాత్రి కూల్చేశారు. భక్తులు పరుగున పోయి కొద్దిరోజుల్లోనే తిరిగి కట్టుకున్నారు. అది చూసి మాకు సంతోషం కలిగింది, కొంచెం బాధా కలిగింది. పేరున్న గురువు కాబట్టి వేల చేతులు వచ్చాయి. పేరు లేని రాక్షసగుడిని నిధి కోసం తవ్విపారేస్తే పక్క పొలం రైతుకైనా పట్టదు.

ఆదివాసుల ఎముకల మీద చదువు పేరుతో జరిగిన తవ్వకం వేరే కథ. శ్రీలంక అడవుల్లోని వెద్దా జనం పుర్రెలను తెల్లవాళ్ళ కాలంలో ఓడల్లో పట్టుకుపోయి, కొలిచి, అరల్లో పెట్టుకున్నారు. మనుషుల్లో ఏ జాతి ఎక్కువ, ఏ జాతి తక్కువ అని తేల్చడం ఆ కొలతల ఉద్దేశం. 2019లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం తొమ్మిది పుర్రెలను వెద్దా పెద్ద చేతికి తిరిగి ఇచ్చింది. 2024 అక్టోబరులో ఇంగ్లండులో ఒక వేలంశాల నాగా మనిషి పుర్రెను అమ్మకానికి పెట్టింది. నాగాలాండ్ నుంచి నిరసన వస్తే వెనక్కి తీసుకుంది. రాజు పుర్రె దొరికితే చర్చిలో గంటలు మోగాయి. మన పుర్రెకు ధర చీటీ కట్టారు.

ఇవన్నీ ఒకచోట పెట్టి చూస్తే మాకు తట్టింది ఇది. ఎముకను కొందరు ఆస్తి అనుకుంటారు, కొందరు మట్టి అనుకుంటారు. లెస్టర్ దగ్గర కొట్లాడినవాళ్ళకూ, ఖుల్దాబాదులో తవ్వాలన్నవాళ్ళకూ, నిధి వేటగాళ్ళకూ అది ఆస్తి. మా వంక గట్టు మీదికి వచ్చిన జేసీబీకి అది మట్టి. రెండు చోట్లా మరుగున పడింది ఒకటే. ఆ ఎముక ఒక మనిషిది, ఆ మనిషికి మనుషులున్నారు. మాకు తెలిసిన మాటల్లో చెప్పాలంటే చచ్చినవాళ్ళు మనకు బాకీ. మనల్ని ఎత్తుకున్న చేతులవి. ఆ చేతులు ఇక ఏమీ అడగలేవు, ఎదురు చెప్పలేవు. కాబట్టి అడక్కపోయినా తీర్చాల్సిన బాకీ అది. బాకీని అమ్ముకోలేం, దాని మీద హక్కు కోసం కోర్టుకెక్కలేం. తీర్చడం ఒక్కటే చెయ్యగలం.

ఇట్లా చూస్తే చాలా చిక్కులు విడిపోతాయి. తవ్వబోయేవాళ్ళు ముందు ఆ చచ్చినవాళ్ళకు బాకీపడ్డవాళ్ళను అడగాలి. వారసులు మిగలకపోతే ఆ నేల మీద ఇప్పుడు బతుకుతున్నవాళ్ళే వారసులు. శంఖవరం పేటిక కట్టినవాళ్ళ రక్తం ఎవరిలో ఉందో తేల్చక్కర్లేదు. ఆ మట్టిలో పండింది తింటున్న మనమందరం వాళ్ళకు బాకీ. తెలుసుకోవడం కోసం తవ్వితే, తెలిసింది మన పిల్లలకు చెప్పాలి, పని అయ్యాక ఎముకను మర్యాదగా తిరిగి పెట్టాలి. పగ కోసం తవ్వకూడదు. ఇంకొకటి కూడా ఉంది. తిరిగి పూడ్చడం తప్పును కప్పిపెట్టడానికి కాకూడదు. వెద్దా పుర్రెలను తిరిగి ఇచ్చేటప్పుడు అవి ఎట్లా వచ్చాయో చెప్పి ఇవ్వాలి. మేము ఆ రాత్రి గుంత పూడ్చి నోరు మూసుకుని ఇంటికి పోయాం. ఎముకల పట్ల మా పని చేశాం కానీ మనుషుల పట్ల చెయ్యలేదు. ఎవరినీ గట్టిగా అడగలేదు, ఎక్కడా రాసివ్వలేదు. భయపడ్డాం. ఆ తప్పు మాదే.

యువకులకు ఒక మాట. ఈమధ్య మన కుర్రవాళ్ళు కొందరు మనకూ రాజులుండేవాళ్ళు, వాళ్ళ సమాధులు వెతకాలి, పెద్ద పెద్ద విగ్రహాలు పెట్టాలి అంటున్నారు. వాళ్ళ మనసు మాకు అర్థమవుతుంది. తరతరాలుగా తల వంచుకున్నవాళ్ళకు తలెత్తి చూసే ఒక రూపం కావాలి. వెతకండి, చదవండి, శాసనాలు చూడండి, వద్దనం. కానీ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, రాజు ఉంటేనే మనం ఒక జాతి అవుతామని మాత్రం అనుకోకండి. రేపు వల్లూరు పొలాల్లో ఒక అస్థిపంజరం దొరికి, ఇది అంబదేవుడిదే అని ఎవరో అన్నారనుకుందాం. మావాడంటే మావాడని ఎన్ని కులాలు లేస్తాయో, ఎన్ని ఫ్లెక్సీలు కడతారో ఊహించండి. అదే రోజు, అదే మండలంలో ఒక బొందలగడ్డ చదునైపోతే ఒక్క ఫ్లెక్సీ కూడా లేవదు. మనం ఏ వైపు నిలబడాలో చెప్పక్కర్లేదనుకుంటాం. పోలవరం ముంపులో కోయల, కొండరెడ్ల ఊళ్ళతోపాటు వాళ్ళ పెద్దల బొందలూ నీళ్ళలోకి పోతున్నాయి. ఇంటికి వెల కట్టారు, చెట్టుకు వెల కట్టారు. పెద్దల చోటుకు ఏ వెల సరిపోతుంది?

తోటి ఉపాధ్యాయులకు చేతనైన పని ఒకటి చెబుతాం. మన కాలనీల్లో చాలా బొందలగడ్డలకు కాగితం లేదు. సర్వే నంబరు కనుక్కుని, అది శ్మశాన స్థలమని గ్రామసభలో తీర్మానం రాయించి, రెవెన్యూ రికార్డులో ఎక్కించమని అర్జీ ఇవ్వాలి. ఒకసారి ఇచ్చి ఊరుకోకుండా రసీదు తీసుకుని తిరగాలి. మనసులు నొప్పించాలనో, నొచ్చుకుంటారని తెలిసో శ్మశానంలోకి చొరబడి అవమానం చేస్తే అది నేరం. పాత శిక్షాస్మృతిలో అది 297వ సెక్షను, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 301వ సెక్షను. ఈ సంగతి మన పిల్లలకూ వాళ్ళ అమ్మానాన్నలకూ తెలియాలి. రాజు సమాధికి చట్టం కాపలా ఉన్నట్టే మన జేజి బొందకూ ఉంది. ఆ కాపలాను పిలిచేవాళ్ళే కరువయ్యారు.

ఆ పాప మాట విన్న తర్వాత మేము పరిసరాల విజ్ఞానం పాఠంలో భాగంగా పిల్లల చేత ఊరి పటాలు గీయించాం. బడి, గుడి, బోరింగు, చెరువు అందరూ గీశారు. బొందలగడ్డ కూడా గీయమన్నాం. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, ఎవరిని ఏ చెట్టు దగ్గర పూడ్చారో కనుక్కుని రాయమన్నాం. మొదట్లో కొందరు తల్లులు పిల్లల చేత ఇదేం పని అని కసురుకున్నారు. తర్వాత వాళ్ళే వచ్చి కూర్చుని, ఇక్కడ మా మామ, ఈ కంపచెట్టు పక్కన మా పెద్దోడు అని చూపించారు. ఆ పటాలు రెండు నకళ్ళు తీసి అర్జీకి జతచేశాం. ఇంకా తిరుగుతున్నాం.

ఆ పాప తన పటంలో వంక గీసింది, గట్టు గీసింది. తెగిపోయిన గట్టు అంచును ఎర్ర రంగుతో దిద్దింది. జేజి బొంద ఎక్కడ పెట్టాలో చాలాసేపు తేల్చుకోలేకపోయింది. చివరికి మేము ఆ రాత్రి తవ్విన గుంత దగ్గర ఒక పెద్ద సున్నా చుట్టి, లోపల "అందురూ" అని రాసింది. అచ్చుతప్పు అని దిద్దబోయి, పెన్ను వెనక్కి తీసుకున్నాం.